పేగుకి నడక నేర్పిన రోజులు

నారు పోసిన 52వ రోజు

డాక్టరమ్మ రాయమంది కాబట్టి రాస్తున్నాను. రోజూ ఏం జరిగిందో, ఏం జరగలేదో, చిన్న విషయమని వదిలేయకుండా రాయాలట. గురువారం పడవలో వచ్చినప్పుడు చదువుతుందట. నాకు వల అల్లడం వచ్చుగానీ పుస్తకం రాయడం ఎక్కడొచ్చు అంటే, "మీకు నోరుంది కదా నూకరత్నమ్మా, అది పేజీ మీద పెట్టండి" అంది. సరే, పెడుతున్నాను. ఎందుకు చెప్పానా అని తర్వాత ఆవిడే తల పట్టుకోవాలి.

పేగుల వార్డులో సంచులు కలిపేది నేను. వార్డంటే పాత కాలేజీ హాస్టల్లో మూడో అంతస్తు. కింది అంతస్తులు సముద్రంలో ఉన్నాయి. పడవలు వచ్చి మా వరండా కమ్మీలకే కట్టుకుంటాయి. ఇక్కడ నలుగురు మనుషులున్నారు, నలుగురికీ చిన్నపేగు లేదు. వరి పోయి నాచు పిండి తిన్న ఏళ్ళలో వాళ్ళ పేగులు ఎండిపోతే కోసి తీసేశారు. నోటితో తిన్నది ఒంటికి పట్టదు కాబట్టి తిండి నేరుగా నరంలోకే ఎక్కాలి. పొద్దున్నే మోచేతుల దాకా మూడుసార్లు చేతులు కడుక్కుని, గాజు పెట్టెలో చేతులు దూర్చి, చక్కెర నీళ్ళూ, మాంసకృత్తుల నీళ్ళూ, తెల్లటి నూనె పాలూ, ఉప్పులూ కలిపి నాలుగు సంచులు తయారు చేస్తాను. ఇదీ వంటే. కాకపోతే ఉప్పు ఎక్కువైందని నన్ను తిట్టేవాళ్ళు లేరు.

నాలుగో మంచం మీద ఉన్నది బంగారమ్మ, నా తోడికోడలు. నా మొగుడూ దాని మొగుడూ ఒకే పడవలో వెళ్ళి ఒకేసారి పోయారు. అప్పట్నుంచి దానికి నేను, నాకు అది. పెద్దదాన్ని కాబట్టి నన్ను అప్పా అని పిలుస్తుంది. పదకొండేళ్ళుగా సంచి మీదే బతుకుతోంది. సంచి గొట్టం పెట్టడానికి మనిషి ఒంట్లో పెద్ద నరాలు ఆరు చోట్ల దొరుకుతాయి. మెడలో రెండు, భుజాల దగ్గర రెండు, గజ్జల్లో రెండు. దానికి అయిదు మూసుకుపోయాయి. ఇప్పుడు గొట్టం ఉన్నది ఎడమ గజ్జలో, ఆరోది. అది కూడా పోతే తిండి పెట్టడానికి దారి లేదు.

అందుకే తొట్టిలో దాని వంతు ముందొచ్చింది. దాని కడుపులో మిగిలిన బెత్తెడు పేగులోంచి గోరంత ముక్క తీసి, తొట్టిలో కొత్త పేగు పెంచుతున్నారు. పెరిగేదాన్ని మేం నారు అంటాం, కడుపులో పెట్టడాన్ని నాటడం అంటాం. దాని సొంత ముక్కే కాబట్టి ఒళ్ళు దాన్ని కాదనదు. కానీ పెరిగితే చాలదు, తిండిని పై నుంచి కిందికి నడిపించడం రావాలి. అది నేర్పే అలల యంత్రం నలభయ్యో రోజున ఆగిపోయింది. విడి భాగాలు వచ్చేది ఎప్పుడో ఎవరికీ తెలియదు. "చేత్తో నేర్పండి" అంది డాక్టరమ్మ రేడియోలో. "ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు కూర్చుని మెల్లగా, అల వచ్చినట్టు, లాగుతూ ఉండండి."

తొట్టి గోడకి రెండు జతల రబ్బరు తొడుగులున్నాయి. పై కొసన నేను కూర్చుంటాను, కింది కొసన గవరయ్య మావ. మావ మా మామగారి తమ్ముడు, డెబ్బై దాటాయి, వల తాడు పట్టుకుంటే ఇప్పటికీ వదలడు. రోజుకి ఆరు గంటలు లాగుతున్నాం. మావ ఐలెస్సా అంటాడు, నేను ఐలెస్సా అంటాను. పేగు మా వేళ్ళ కింద మెత్తగా, వెచ్చగా ఉంటుంది. పన్నెండు రోజులైంది, ఒక్క పూట మానలేదు. ఇది డాక్టరమ్మ చదవాలని ప్రత్యేకంగా రాస్తున్నాను.

54వ రోజు

వార్డులో తిండి మాట ఎత్తకూడదని నియమం. మేం డాబా మీదికెళ్ళి తిని వస్తాం. బంగారమ్మ మాత్రం ఈ నియమాన్ని ఒక్క రోజు కూడా పాటించనివ్వదు.

"ఏటి తిన్నావప్పా?" అంది ఇవాళ నేను మెట్లు దిగీ దిగకుండానే.

"ఏటీ నేదు. చోడంబలి తాగినాను."

"అబద్దాలాడకు. సెయ్యి ఇలగ తే."

ఇచ్చాను. వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. "ఎండుసేపలు, కవళ్ళు. సింతపండు ఎక్కువేసీసినావు. నీకు ఎప్పుడూ పులుపే." చాలాసేపు చెయ్యి వదల్లేదు. నేనూ తీసుకోలేదు. ఆ తర్వాత వెళ్ళి మళ్ళీ మూడుసార్లు కడుక్కుని దాని సంచి తగిలించాను.

57వ రోజు

పొద్దున సంచి తగిలించిన ముప్పావుగంటకి బంగారమ్మకి వణుకు పుట్టింది. మంచం కోళ్ళు టకటకలాడాయి. సంచి ఎక్కాక వచ్చే వణుకంటే గొట్టంలో పురుగు చేరిందని అర్థం. వెంటనే సంచి ఆపాను. డాక్టరమ్మ ఇచ్చి ఉంచిన మందు గొట్టంలోకి ఎక్కించి, తర్వాత స్పిరిట్ నింపి మూసేశాను. జ్వరం నూట మూడు. తడిగుడ్డ వేస్తూ మధ్యాహ్నం దాకా పక్కనే కూర్చున్నాను.

"నరం పోనాదా?" అనడిగింది.

"పోనేదు. నోరు మూసుకుని పడుకో."

సాయంత్రానికి జ్వరం దిగింది. నరం బతికే ఉంది. అయినా ఇవాళ లాగుడు మానలేదు. మావ ఒక్కడే రెండు గంటలు లాగాడు, తర్వాత నేను వెళ్ళాను.

60వ రోజు, గురువారం

డాక్టరమ్మ వచ్చింది. పేరు వసుంధర. నీళ్ళలో మిగిలిన మూడు దిబ్బలకీ ఆవిడొక్కతే డాక్టరు, పడవలోనే ఆపరేషన్ గది. బంగారమ్మ కంటి రెప్ప కిందికి లాగి చూసి నా వైపు తిరిగింది.

"పచ్చబడ్డాయి, చూశారా?"

"మొన్నటి నుంచి సూత్తున్నానమ్మా."

"సంచి ఏళ్ళ తరబడి ఎక్కితే కాలేయం అలిసిపోతుంది. ఇంక ఎక్కువ రోజులు ఆగలేం." తొట్టి దగ్గరికెళ్ళి గాజులోంచి చూసింది. నారు నూట ఇరవై సెంటీమీటర్లు వచ్చింది. గులాబీ రంగులో ఉంది, తనంతట తనే కదులుతోంది. "కదులుతోంది!" అని మా ఇద్దరి వీపులూ తట్టింది. డెబ్బై అయిదో రోజున నడక ఎలా ఉందో చూసే రంగు పరీక్ష, డెబ్బై ఏడున నాటు అని చెప్పి, రెండో దిబ్బలో ఎవరికో కాన్పు కష్టమైందని పరుగెత్తింది.

మావ సాయంత్రమంతా తొట్టి దగ్గరే నిలబడ్డాడు. వచ్చిన ప్రతివాడికీ, "నానే నడక నేర్పినాను" అని చెప్పుకున్నాడు. నాకూ గర్వంగానే ఉంది. ఎందుకు దాచుకోవాలి?

63వ రోజు

మళ్ళీ వణుకు. ఈసారి నూట నాలుగు. మందు ఎక్కిద్దామంటే గొట్టం తీసుకోలేదు, లోపల ఎక్కడో మూసుకుపోయింది. సిరంజితో కొద్దికొద్దిగా లోపలికి, బయటికి, లోపలికి, బయటికి. గట్టిగా తోస్తే గొట్టం చిట్లుతుంది. రెండు గంటలు అలా చేశాను. బంగారమ్మ నా మొహమే చూస్తూ పడుకుంది.

"అప్పా, నిజం సెప్పు. ఎన్నాళ్ళుంటాది ఇది?"

"నాకేటి తెలుసు? నానేమైనా నరమా?"

నవ్వింది. దాని నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది. ఆఖరికి గొట్టం తెరుచుకుంది. డాక్టరమ్మకి రేడియోలో చెప్పాను. ఎల్లుండి వచ్చి రంగు పరీక్ష ముందే చేసేస్తాను, బాగుంటే వెంటనే నాటేద్దాం అంది.

65వ రోజు

ఇది ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

డాక్టరమ్మ పొద్దున తొమ్మిదికి వచ్చింది. నారు పై కొసన, అంటే పొట్టకి అతికే కొసన, నీలి రంగు చుక్క వేసింది. మూడు నాలుగు నిమిషాల్లో అది కింది కొస దాకా నడిచి రావాలి. రంగు జానెడు దూరం వెళ్ళింది. ఆగింది. వెనక్కి తిరిగి వచ్చి, వేసిన చోటే బొట్టు బొట్టుగా కారిపోయింది. ఇంకో చుక్క వేసింది, మళ్ళీ అంతే. ఈసారి నారు మధ్యలో, కింది వైపుగా వేసింది. అది చక్కగా మావ కొసకి నడిచింది. దానికి పైన జానెడు జరిపి వేసింది. అది నా కొసకి నడిచి వచ్చింది.

"మీరెలా లాగుతున్నారో ఒకసారి చూపించండి" అంది డాక్టరమ్మ.

మేం కూర్చున్నాం, తొడుగుల్లో చేతులు పెట్టాం. మావ ఐలెస్సా అన్నాడు. మావ తన రొమ్ము వైపుకి లాగాడు. నేను నా రొమ్ము వైపుకి లాగాను.

పెద్దవల అలాగే లాగుతారు. ఆ తాడు దగ్గర కొందరు, ఈ తాడు దగ్గర కొందరు నిలబడి, ఎవరి తాడు వాళ్ళు తమ వైపుకే లాక్కుంటారు. అప్పుడే వల ఒడ్డుకొస్తుంది. పుట్టిన దగ్గర్నుంచీ మాకు తెలిసిన లాగుడు అదొక్కటే. ఇద్దరు రెండు కొసల్లో కూర్చుని లాగమంటే ఇంకోలా లాగొచ్చని మా పేటలో ఒక్కరికీ తోచదు. మావది కింది కొస కాబట్టి ఆయన లాగింది సరైన దారే అయింది. నేను తిండిని కిందికి పంపాల్సిన పేగుకి ఇరవై అయిదు రోజులు పైకి తెచ్చుకోవడం నేర్పాను.

"ఇద్దరూ ఒకే వైపుకి నడిపించాలమ్మా" అంది డాక్టరమ్మ మెల్లగా. తర్వాత తన నోటుబుక్కు తీసి ఆ రోజు రేడియోలో ఏం చెప్పిందో చూసుకుంది. "ఏ వైపుకో నేను చెప్పలేదు. తప్పు నాది." నాది అని నేనన్నాను. ఎవరిదైతే ఏం, రంగు మాత్రం వెనక్కే వస్తోంది.

మళ్ళీ నేర్పొచ్చా అని అడిగాను. అరవై రోజులు దాటాక కండ గట్టిపడిపోతుందట, నేర్చుకున్నది మరిచిపోదట. కొత్త నారు పోస్తే తొంభై రోజులు. ఆరో నరానికి మహా అయితే రెండు వారాలు. మిగిలిన దారి ఒక్కటే, నేను చెడగొట్టిన భాగం కోసేసి మావ నడిపిన భాగం మాత్రమే నాటడం. నా చేతులు పొడుగు, మావవి పొట్టి. కొలిస్తే నాది అరవై అయిదు సెంటీమీటర్లు, మావది యాభై అయిదు.

"యాభై అయిదుతో బతుకుద్దా?" అన్నాడు మావ.

"పెద్దపేగు సగం మిగిలుంది కాబట్టి కొందరు బతికారు" అంది. "బతకనివాళ్ళు ఎక్కువ."

నాకు చచ్చిపోవాలనిపించింది. ఇలాంటివి రాయొచ్చో లేదో తెలియదు. అన్నీ రాయమంది కదా.

66వ రోజు

బంగారమ్మకి నేనే చెబుతానన్నాను. డాక్టరమ్మ వద్దంది, అయినా వినలేదు. మంచం పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. రంగు ఎటు వెళ్ళింది, నేను ఎటు లాగాను, ఎంత మిగిలింది.

అది మోచేతి మీద లేచింది. పచ్చబడ్డ కళ్ళతో నన్ను చూసింది.

"నీ సెయ్యి ఎప్పుడూ నీ ఏపుకే లాగుద్దప్పా. వల పంచుకున్ననాడూ అంతే. మంచి సగం నువ్వు లాక్కున్నావు, చిరుగుల సగం నాకు పారేసినావు. ఆ చిరుగుల్తోనే మంచాన పడేదాకా ఈడ్చినాను నాను. ఇప్పుడు నా కడుపులోదీ నీ ఏపుకే లాక్కున్నావు. ఇంకేటి మిగిల్చినావే నాకు?"

"బంగారీ..."

"నాతో మాటాడకు."

మొగుళ్ళు పోయాక ఉమ్మడి వల పంచుకున్న సంగతి నిజమే. నువ్వు ఒక్కదానివే కదా, నీకెందుకంత వల అని కూడా అన్నాను ఆ రోజు. పన్నెండేళ్ళుగా ఎవరూ ఎత్తని మాట అది. అది మరిచిపోయిందనుకున్నాను.

సాయంత్రం డాక్టరమ్మతో, "నాటీండి. మావ లాగిన సగం నాటీండి" అని చెప్పిందట. నాతో చెప్పలేదు.

68వ రోజు

పొద్దున ఏడింటికి బంగారమ్మని పడవలోకి దింపారు. నా వైపు చూడలేదు. వరండాలో కూర్చున్నాను. మిగిలిన ముగ్గురికీ సంచులు పెట్టాలి కాబట్టి లేచి పెట్టి వచ్చి మళ్ళీ కూర్చున్నాను. మావ కమ్మీ పట్టుకుని నిలబడే ఉన్నాడు.

పదకొండింటికి పడవలోంచి నర్సమ్మ ఒక ఎనామిల్ గిన్నె తెచ్చి నా చేతికిచ్చింది. నేను చెడగొట్టిన అరవై అయిదు సెంటీమీటర్లు. తొట్టి కడిగి తర్వాతి వాళ్ళకి సిద్ధం చేయాలి, ఇది పారేయండి అంది. మూత తీశాను. ఇంకా కదులుతోంది. కొసన వేలు పెట్టాను. నేను నేర్పినట్టే మెల్లగా నా వైపుకి లాగింది. గిన్నె పట్టుకుని గట్టిగా ఏడ్చాను. సిగ్గుపడలేదు.

మావా నేనూ దాన్ని నీళ్ళలో వదిలాం. మావ ఖాళీ గిన్నె కడిగి బోర్లించాడు.

రెండింటికి డాక్టరమ్మ బయటికొచ్చింది. నాటింది. పేగు కొస ఒకటి పొట్ట మీద చిన్న కిటికీలా బయటికి తెచ్చి దానికి సంచి అతికించింది. లోపల ఏం జరుగుతోందో అందులోంచే తెలుస్తుంది. పది రోజులు నోటితో ఏమీ ఇవ్వకూడదు. అప్పటిదాకా ఆరో నరం నిలవాలి.

నాటిన 2వ రోజు

కిటికీ గులాబీ రంగులో ఉంది. అంటే రక్తం అందుతోంది. డాక్టరమ్మ పడవ ఇక్కడే ఉంచేసింది. బంగారమ్మ నాతో మాట్లాడదు. నేను సంచి తగిలిస్తుంటే పైకప్పు చూస్తుంది. ఏదైనా కావాలంటే, "మావా, సెప్పు దానికి" అంటుంది, నేను పక్కనే ఉన్నా.

తొట్టిలో రెండో మంచం పార్వతీశం మాస్టారి నారు పోశారు. తొట్టి గోడ మీద ఎర్ర రంగుతో రెండు కొసల దగ్గరా ఒకే వైపుకి బాణం గుర్తులు వేశాను. తర్వాత ఒక తడి గుడ్డ చుట్టి, అవతలికి పోయేలా నొక్కడం నేర్చుకుందామని కూర్చున్నాను. బుర్ర అవతలికి అంటుంది, చేతులు ఇవతలికి లాగుతాయి. గంటసేపు చేస్తే నాలుగుసార్లు సరిగ్గా వచ్చింది. మాస్టారు మంచం మీంచి చూస్తున్నారు. ఆయన కూడా ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

నాటిన 5వ రోజు

పొద్దున సంచి పెట్టిన పది నిమిషాలకే వణుకు. నూట అయిదు. డాక్టరమ్మ వచ్చి చూసింది. గజ్జ దగ్గర ఎర్రగా, గట్టిగా అయిపోయింది. ఈసారి మందుకి లొంగేది కాదు, గొట్టం లోపలే ఉంచితే పురుగు గుండెకి పోతుంది.

గొట్టం తీసేసింది. ఆరో నరం అయిపోయింది.

నా చేతిలో ఆ పూటకి కలిపిన సంచి ఉంది. పదకొండేళ్ళలో మొదటిసారి బంగారమ్మ సంచిని పారబోశాను. సంచి తిండిని మోయలేని సన్నటి చేతి నరాల్లోంచి ఉప్పునీళ్ళూ కాస్త చక్కెరా ఎక్కిస్తున్నారు. వాటితో నాలుగు రోజులు, అయిదు రోజులు. అంతకు మించి ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

"రేపు నోటితో మొదలుపెడదాం" అంది డాక్టరమ్మ. "పది రోజులు ఆగే వీల్లేదు."

నాటిన 6వ రోజు

చోడంబలి, అదే రాగుల అంబలి, వార్చి పైన తేట తీశాను. బయటికి వచ్చినప్పుడు తెలియడానికి అందులో చిటికెడు బొగ్గుపొడి కలిపింది డాక్టరమ్మ. లెక్క సులువుగానే చెప్పింది. చెంచాడు మింగాక అది కిటికీలోంచి అరగంట లోపే వచ్చేస్తే పేగు దేన్నీ పట్టుకోవడం లేదని అర్థం. గంట దాటితే ఆశ ఉంది. రెండు గంటలైతే బతుకుతుంది.

చెంచా పట్టుకుని వెళ్ళాను. "దాని సెయ్యి వద్దు మావా" అంది బంగారమ్మ. చెంచా మావకిచ్చాను. మావ చెయ్యి వణికి సగం దాని గడ్డం మీద పడింది. మిగిలింది నోట్లో పెట్టుకుని ఎంతసేపటికీ మింగదు. మింగడం మరిచిపోయింది పాపం. డాక్టరమ్మ గొంతు కింద రాస్తే అప్పుడు దిగింది.

పద్నాలుగు నిమిషాలు. నల్లటి నీళ్ళు సంచిలోకి దూకినట్టు వచ్చాయి.

నాటిన 7వ రోజు

నాలుగు చెంచాలు ఇచ్చాం. అన్నిటికన్నా ఎక్కువ ఆగింది ఇరవై రెండు నిమిషాలు. కుడి చేతి నరం ఉబ్బిపోయింది, ఎడమ చేతికి మార్చారు. పెదాలు ఎండి పగిలాయి. తడి దూది పెడుతుంటే నా చెయ్యి అని తెలిసి మొహం పక్కకి తిప్పుకుంది. తిప్పుకోవడానికి కూడా ఓపిక లేక సగంలో ఆగిపోయింది.

నాటిన 8వ రోజు

ముప్పై ఒక్క నిమిషం. ఇరవై ఎనిమిది. ముప్పై నాలుగు.

డాక్టరమ్మ నన్ను వరండాలోకి పిలిచింది. ఆవిడ కళ్ళ కింద నల్లగా అయిపోయింది. "రేపు గంట దాటకపోతే నా దగ్గర ఇంకేమీ లేదు నూకరత్నమ్మా" అంది. నాలుగు దిక్కులా నీళ్ళు తప్ప ఏమీ కనిపించని చోట ఇంకెవరి దగ్గరికి పరిగెత్తను? నూకాలమ్మకి మొక్కాను. పేగుకి కూడా మొక్కాను.

తర్వాత వెళ్ళి దాని మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. అది నాతో మాట్లాడకపోతేనేం, నేను మాట్లాడకూడదని ఎక్కడుంది? వల విషయంలో తప్పు నాదే అన్నాను. మంచి సగం కావాలనే తీసుకున్నాను, నువ్వు నోరెత్తవని తెలిసే తీసుకున్నాను అన్నాను. పేగు మాత్రం కావాలని చెయ్యలేదే బంగారీ, రోజుకి ఆరు గంటలు నీకోసమే లాగాను అన్నాను. నువ్వు పోతే నాకు ఎవరున్నారు అన్నాను. కళ్ళు మూసుకునే ఉంది. విందో లేదో తెలియదు.

నాటిన 9వ రోజు

పొద్దున ఎనిమిదీ అయిదుకి చెంచాడు ఇచ్చాం. మావ పెట్టాడు. నేను కిటికీ దగ్గర కూర్చుని సంచి చూస్తున్నాను. డాక్టరమ్మ గడియారం మంచం మీద పెట్టింది.

ఎనిమిదిన్నర. ఏమీ రాలేదు. ఎనిమిదీ నలభై. నిన్నటి కన్నా ఒక నిమిషం ఎక్కువ. మావ బయటికెళ్ళిపోయాడు, చూడలేక. తొమ్మిదీ అయిదు. గంట దాటింది. తొమ్మిదిన్నరకి నాకు కొత్త భయం పట్టుకుంది. అడ్డం పడిందేమో, ఎక్కడో ముడి పడిందేమో. డాక్టరమ్మ దాని పొట్ట మీద స్టెతస్కోపు పెట్టి విని, కదలిక ఉందని తల ఊపింది. పదయింది. నా కాళ్ళు తిమ్మిరెక్కాయి, లేవలేదు.

పదీ ఇరవైకి కిటికీలోంచి నల్లగా, చిక్కగా, కొంచెమే, చాలా మెల్లగా వచ్చింది.

రెండు గంటల పదిహేను నిమిషాలు. డాక్టరమ్మ అక్కడే నేల మీద కూలబడి, మొహం చేతుల్లో దాచుకుని నవ్వుతూ ఏడ్చింది. నేను వరండాలోకెళ్ళి, "మావా, ఆగినాది!" అని అరిచాను. ముసలాయన కమ్మీ పట్టుకుని ఏడ్చాడు.

డాక్టరమ్మ లేచి మళ్ళీ డాక్టరైపోయింది. నెల దాటితే గానీ ఏ మాటా చెప్పలేనంది. గంటకి ఒక్క చెంచా. ఒక్కటంటే ఒక్కటే. పొరపాటున రెండోది ఇస్తే పేగు బెదిరి అంతా బయటికి తోసేస్తుంది, మళ్ళీ మొదటికొస్తాం. మావ చేతులు ఇంకా వణుకుతున్నాయి కాబట్టి చెంచా నాకిచ్చింది. పదకొండుకి నేనే పెట్టాను. ఈసారి బంగారమ్మ వద్దనలేదు. మింగేసింది.

పదకొండూ ఇరవైకి గిన్నె మూత పెడుతుంటే నా కొంగు ఎవరో పట్టుకున్నారు. బంగారమ్మ. కళ్ళు పెద్దవి చేసుకుని, తన కడుపులోకే చూసుకుంటున్నట్టు చూస్తోంది.

"అప్పా" అంది. పదకొండు రోజుల తర్వాత. "నాకు ఆకలేత్తంది."

పదకొండేళ్ళుగా దాని నోట ఆ మాట రాలేదు. అది కూడా నమ్మలేక మళ్ళీ అంది. "ఆకలేత్తందప్పా. ఇంకో సెంచా పెట్టు."

"గంట కానేదు. పన్నెండుకి పెడతాను."

"ఒక్క సెంచా."

"పెట్టనే."

"సగం సెంచా పెట్టు. నీ కాళ్ళట్టుకుంటాను."

"పెట్టను."

ఏడ్చింది. ఏడుస్తూ తిట్టింది. రాకాసి అంది. నీ కడుపు మాడా అంది. నా మొగుణ్ణి తిన్నావు, నా వల తిన్నావు, ఇప్పుడు నా అంబలి కూడా నువ్వే తింటావా అంది. దానికి అంత గొంతు ఎక్కడిదో, మాస్టారు మంచం మీద లేచి కూర్చున్నారు. గిన్నె కోసం చెయ్యి చాచింది, అందలేదు. దాని వేళ్ళు గిన్నెకి బెత్తెడు దూరంలో ఆగిపోయాయి. దానికి ఏం కావాలన్నా ఇచ్చేయాలని నా ఒళ్ళంతా లాగుతోంది. ఇవ్వకూడదు.

ఇది రాస్తుంటే పదకొండూ ముప్పై ఎనిమిది. గిన్నె నా ఒళ్ళో ఉంది, మూత మీద నా ఎడమ చెయ్యి ఉంది. ఇంకా ఇరవై రెండు నిమిషాలు. బంగారమ్మ తిడుతూనే ఉంది.